సోమవారం చరణం

ఒక్కడివే వచ్చావేం ఇసాక్? సంఘపెద్దలు ఇల్లు చూడ్డానికొస్తే ఇద్దరొస్తారు కదా. ఒకరు అడగడానికి, ఇంకొకరు విన్నానని చెప్పడానికి. పెళ్ళయినప్పట్నుంచీ అదే చూస్తున్నాను. ఏడాదికోసారి రెండు నల్లకోట్లు గుమ్మంలో నిలబడతాయి. ఇవాళ రెండో కోటేదీ?

జలుబా? ఆయనకి జలుబు చేసిందా. సరే, నమ్మాన్లే. కూర్చో.

అక్కడ కాదు, అది మాత్యే కుర్చీ. మా ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదింకా. ఇటు కూర్చో, కిటికీకి ఎదురుగా. నీ మొహం నాకు కనబడాలి.

కోటు విప్పవా? పోనీ, నీ ఇష్టం. కుడి జేబు మీంచి చెయ్యి తియ్యడం లేదు నువ్వు. కట్ట మీద నడిచొస్తున్నప్పుడే చూశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊరికి ఉత్తరాలు పంచినవాణ్ణి, ఎవరి జేబులో కాగితముందో నడక చూసి చెప్పగలను. అందులో ఏముందని మాత్రం నేనడగను. అడిగించుకోవాలనే కదా నీ ఎత్తు.

కాఫీ తాగు. ఇదిగో బిస్కెట్టు. ఒకటే, డబ్బా మూసేస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇంతేగా.

ఏం చూస్తున్నావు? ఎడమచేత్తో పోస్తున్నాననా? రిటైరయ్యాక ఈ చెయ్యి మళ్ళీ తనంతట తనే పనిలోకి దిగింది. కొట్టడానికి బౌడెవైన్ మాస్టారు లేడుగా. నీకు గుర్తుండే ఉంటుంది, మా వెనక బెంచీయే కదా నీది. నా ఎడమచేతికి మేజోడు తొడిగి మణికట్టు దగ్గర దారం కట్టేవాడు. ఆరేళ్ళవాణ్ణి. అది సైతాను చెయ్యి అనేవాడు. రెండేళ్ళలో కుడిచేతి రాత వచ్చేసింది, నున్నగా, అచ్చుగుద్దినట్టు. జిల్లా తనిఖీకొచ్చినాయన నా పలక ఎత్తి అందరికీ చూపించాడు కూడా.

ఇప్పుడా చెయ్యి సంగతి ఎందుకెత్తావు నువ్వు? ఎత్తలేదా? చూశావుగా. చూడ్డమూ ఎత్తడమే.

సోమవారాలు గుర్తున్నాయా? ఆదివారమంతా కీర్తన చరణం వల్లె వేసి, సోమవారం పొద్దున్నే నిలబడి అప్పజెప్పడం. నాకు భయమే ఉండేది కాదు. రెండుసార్లు చదివితే వచ్చేసేది. ఇప్పటికీ నూటయాభై కీర్తనలూ వచ్చు, అడుగు కావాలంటే. ఏదైనా అడుగు.

మాత్యేకి రాదు. నాలుగు పాదాల చరణం, మూడో పాదం దగ్గర ఆగిపోయేది. మాస్టారు గడియారం తీసి బల్లమీద పెట్టి ఎదురు చూసేవాడు. అది కొట్టడంకన్నా అధ్వానం. పిల్ల చెవుల దాకా ఎర్రబడి నిలబడేది.

ఒక సంగతి చెబుతాను, ఇది నీక్కూడా తెలీదు. ఆ పిల్లకి నేను చీటీలు రాసిచ్చేవాణ్ణి. ఆదివారం రాయడం పాపం కదా, అందుకని గడ్డి అటకెక్కి రాసేవాణ్ణి. ఎడమచేత్తో. ఎలాగూ పాపమే చేస్తున్నాను, ఆ చేత్తోనే చేద్దాం అనుకున్నాను. నవ్వకు. వేలెడంత కాగితం మీద మూడో పాదం. చొక్కా చేతిమడతలో దాచుకునేది. అప్పజెప్పాక చీటీ ఏం చేశావే అని అడిగితే, మింగేశాను అనేది. ఎంత నమ్మకమో ఆ మొహంలో. ఆ నమ్మకం చూసే చేసుకున్నాను ఆమెని.

బాగానే బతికాం. పిల్లల్లేరు, ఉన్నంతలో బతికాం. గుళ్ళో మా బెంచీ నీకు తెలుసు, ఉత్తరం వైపు కిటికీ పక్కన. ప్రసంగంలో మూడు భాగాలు, భాగానికో పిప్పరమెంటు బిళ్ళ. బిళ్ళల పొట్లం ఆమె దగ్గరుండేది. ముందు నాకిచ్చి తర్వాత తను వేసుకునేది. ఏడాదికి నాలుగుసార్లు ప్రభువు బల్ల. మూడొందల మందిమి కూర్చుంటాం, పదకొండుమంది లేచి రొట్టె తినడానికి వెళ్తారు. మిగతా మేమంతా చూస్తూ ఉంటాం. మా నాన్న లేవలేదు, మా తాత లేవలేదు. రక్షణ వచ్చిందని రూఢిగా తెలియకుండా ఆ రొట్టె ముట్టుకుంటే శిక్ష తిన్నట్టే. నీకు చెప్పేదేముంది, నువ్వు పదకొండులో ఒకడివి. ఎలా తెలిసిందో నీకు, నేనెప్పుడూ అడగలేదు. తలుచుకోవడం మాత్రం తలుచుకున్నాను.

ఓ బల్లనాడు ఆమె పిప్పరమెంటు పొట్లం తీసి నా పుస్తకం మీద పెట్టింది. లేచింది. కడుపులో బాలేదేమో, బయటికెళ్తోంది అనుకున్నాను. కాళ్ళు పక్కకి తీసుకుని దారి కూడా ఇచ్చాను. గుమ్మం వైపు తిరగలేదు. బల్ల వైపు తిరిగింది.

పన్నెండోది. మా మాత్యే.

మూడొందల మందీ నన్ను చూశారు ఇసాక్, ఆమెని కాదు. ఇంటికొచ్చి అడిగాను, నీకెలా తెలుసు అని. బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పింది. "రమ్మన్నారు, వెళ్ళాను. బల్లమీద రొట్టె ఉంది క్రైన్, తినమన్నారు" అంది. అంతే. నూటయాభై కీర్తనలొచ్చినవాడికి లేనిది, నాలుగు పాదాలు పట్టుకోలేని మనిషికి వచ్చేసింది.

అప్పట్నుంచీ కనిపెట్టడం మొదలెట్టాను. ఎవరితో నవ్వుతోంది, ప్రార్థనలో కళ్ళు మూసుకుందా లేదా, ఆదివారం ఏం చేస్తోంది. ఉత్తరాలు పంచేవాడికి ఓపికుంటుంది.

దొరికింది. ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తానా, ఆమె బట్టలుతికే గదిలోకి పోయేది. ఓసారి చెప్పుల్లేకుండా వెనకే వెళ్ళాను. బట్టల క్లిప్పుల సంచిలో చిన్న రేడియో. సన్నగా ఏదో డాన్సు పాట. నీళ్ళతొట్టి అంచుమీద కూర్చుని కాలితో తాళం వేస్తోంది. ఆదివారం, ఇసాక్. బల్ల దగ్గర రొట్టె తిన్న మనిషి.

అప్పుడు నేను ఒక్క కేక వేసుంటే అయిపోయేది. ఆమె నవ్వేసేది, నేను తిట్టేవాణ్ణి, సాయంత్రానికి మామూలు. వెయ్యలేదు. సంతోషమేసింది నాకు.

సరే, ఇంక నాటకం ఎందుకు. ఇరవైరెండేళ్ళ కిందట నీకో ఉత్తరం వచ్చింది. కింద పేరు లేదు. ఫలానా స్త్రీ ప్రభువు దినాన రహస్యంగా రేడియో వింటుంది, ఆమె బల్లకు రాతగినదేనా అని. అదే కదా నీ జేబులో ఉన్నది? ఇన్నాళ్ళు దాచి, ఆమె పోయాక, నేను ఒంటరిగా ఉన్నప్పుడు తెచ్చావు. ఎవరు రాశారని నా నోటే అనిపించడానికి. రొట్టెల కొట్టు ఆవిడ రాసిందని ఊళ్ళో అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. పాపం, ఏడాదిపాటు ఆమె దగ్గర సగం ఊరు రొట్టె కొనలేదు.

నేనే రాశాను.

ఎడమచేత్తో. ఆ రాత ఈ ఊళ్ళో ఎవరికి తెలుసులే అనుకున్నాను. పక్క ఊరి డబ్బాలో వేశాను. మర్నాడు నా సంచిలోకే వచ్చింది. తీసి చింపెయ్యొచ్చు. తెచ్చి నీ తలుపు సందులో వేశాను. మీ ఆవిడ ఆ పూట నాకు కాఫీ కూడా ఇచ్చింది.

తర్వాత మీరిద్దరు వచ్చారు. నన్ను పెరట్లోకి పొమ్మన్నారు. చిక్కుళ్ళు కోస్తూ నిలబడ్డాను, కోసినవే మళ్ళీ కోస్తూ. లోపలికొచ్చేసరికి ఆమె కప్పులు తుడుస్తోంది. రేడియో సంచిలోంచి తీసి, అదిగో, ఆ అరమీద పెట్టింది, అందరికీ కనబడేట్టు. మళ్ళీ ఎన్నడూ దాన్ని మోగించలేదు. తర్వాతి బల్లనాడు లేవలేదు. నా పక్కనే కూర్చుని, రెండో భాగం మొదలవగానే నాకు బిళ్ళ అందించింది. అది నోట్లో వేసుకుని చప్పరించాను. తియ్యగానే ఉంది, ఏం చెప్పను.

నన్ను తొలిచేసింది ఏమిటో తెలుసా? ఎవరు రాశారని ఆమె అడగలేదు. ఒక్కసారీ. ఎవరైనా అడగరా? ఊరంతా అనుమానించరా? నేనైతే ఇంటింటికీ పోయి కళ్ళలోకి చూసేవాణ్ణి. ఆమె పోయేదాకా ఎదురుచూశాను ఆ ప్రశ్న కోసం. అడగని మనిషిని ఏమనుకోవాలి? ఏదో దాస్తోంది అనుకున్నాను. ఆస్పత్రి మంచం మీద కూడా ఆమె మొహంలోకి చూస్తూ అదే వెతికాను.

ఎందుకు రాశావంటావా. కుళ్ళు అనుకుంటావు. కుళ్ళూ ఉందిలే. కానీ అంతకంటే భయం. ఆమె అటు వెళ్ళిపోతుంది, నేను బెంచీమీద ఉండిపోతాను, ఇక్కడే కాదు, అక్కడా. ఆమె లేకుండా నాకు భయం ఇసాక్. అందుకని దించి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. విన్నావుగా. రెండో సాక్షి లేకపోతేనేం, రాసుకో.

ఊఁ, తియ్యి. తీసి బల్లమీద పెట్టు.

ఇదా?

ఇది మాత్యే కీర్తనల పుస్తకం. వెండి కొక్కెం కూడా అలాగే ఉంది. గుళ్ళో బెంచీ కింది పెట్టెలో ఉండిపోయిందా. ఆ చోటు ఇంకొకరికిచ్చారా, అందుకని తెచ్చావా. అంతేనా నువ్వు వచ్చిన పని?

మరి తెరవమంటావేం?

ఇవేంటి, కాగితం ముక్కలు? వేలెడంత వేలెడంత.

ఇవి మింగేశానని చెప్పింది.

అన్నీ ఉన్నాయి. మూడో పాదాలన్నీ. సైతాను చేతి రాత, అక్షరాలు ఎడమకి వాలిపోతూ. ఒక్కటీ పారెయ్యలేదు. ఈ వెనక మడతపెట్టింది... ఇది నా ఉత్తరం. వీటితో కలిపి పెట్టింది. నువ్వే ఇచ్చావా ఆమెకి? ఆ రోజే? ఉంచుకుంటానని తనే అడిగిందా. ఏమని అడిగింది? సరిగ్గా చెప్పు, నీ సొంత మాటలు కలపకు.

"రాత బాగుంది, నేనుంచుకుంటాను" అందా?

నవ్విందా అలా అన్నప్పుడు? నవ్వలేదా. సరే.

ప్రపంచంలో ఈ రాత తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె మీదే రాశాను ఆ ఉత్తరం. ఆ చీటీలు నాకు గుర్తే రాలేదు చూడు. ఆమె అడగకపోవడం ఇందుకన్నమాట. అడగాల్సిన పని లేదు. తెలిసే నా పక్కన కూర్చుంది, తెలిసే బిళ్ళ ఇచ్చింది.

పుస్తకం తెరిచి చూశావు కదా నువ్వు? రాతలు రెండూ ఒకటేనని నీకూ అర్థమైంది. అందుకేగా రెండో ఆయన్ని ఇంట్లో ఉండమన్నావు. జలుబూ లేదు, గిలుబూ లేదు. పోనీలే, మంచిపనే చేశావు.

ఏమంటున్నావు? వచ్చే ఆదివారం బల్ల ఉందా. నాకు తెలుసు. నన్ను లేవమంటావా, ఈ వయసులో, ఇదంతా విన్నాక? ఆమె ఆ మాటే అనేదంటావా, రొట్టె ఉంది, తినమన్నారు అని?

నావల్ల కాదు ఇసాక్. నేను గనక ఆ బెంచీమీంచి లేస్తే, మర్నాడు నీ తలుపు సందులో ఇంకో ఉత్తరం పడుతుంది, ఈసారి నా మీద. అదీ నేనే రాస్తాను, ఈ చేత్తోనే.