మా అప్పన్న ఎడం సెవి

"తాతా, పోయిన సభలో గది ఇవ్వద్దని అరిచింది నువ్వే. రేపు ఇమ్మని చెప్తానంటన్నదీ నువ్వే. మధ్యలో ఏటైంది?"

కూకో టీచరమ్మా, ఆ బల్ల మీద కూకో. ఫోనులో పట్టుకుంటన్నావా? పట్టుకో. రేపు నాకు నోరు పెగలకపోతే అదే ఇనిపించీ... ఊఁహూఁ, వద్దు. నానే సెప్పాల.

నిజవే, అరిసినాను. కొత్తగా అమ్మానాన్నలైనోలికి పాఠాలు సెప్తాను, పంచాయితీ పాతగది వారానికో పూట ఇమ్మని నువ్వడిగినావు. "పిల్లల్ని పెంచడం మాకు నేర్పుతావేటి? నువ్వెంతమందిని పెంచినావే?" అన్నాను. అందరూ నవ్వినారు. నాను లెగిసి ఎల్లిపోతే నా ఎనకాల ముసిలోలందరూ లెగిసిపోనారు. నువ్వు గుమ్మం కాడ ఆ పాఠాల కాయితాలు పంచుతా నిలబడ్డావు. నాకూ ఒకటిచ్చినావు. మడిసి పొగాకు సంచిలో ఎట్టీసినాను, సుట్ట ముట్టించడానికి పనికొస్తాదని.

మా మనవడు సూరిగాడు తెలుసు కదా, నా కొడుకు అప్పన్నకి పుట్టినోడు, రైసుమిల్లులో మూటలు మోస్తాడు. ఆడి కూతురికి మూడో నెల. ఆ గుంట ఏడుపెత్తుకుంటే ఈధంతా ఇనాల. మా యమ్మయితే అలాటి ఏడుపుకి వాము నీల్లు పట్టీది. మా యమ్మది శృంగవరపుకోట అవతల, కొండకిందూరు. ఆ ఊరోలికి అన్నిటికీ వామే. కడుపునొప్పికీ వామే, అత్తగారి మీద కోపానికీ వామే... ఏటి సెప్తన్నాను? ఆఁ, సూరిగాడు.

మొన్న లచ్చివారం మద్దేన్నం. ఆడి పెళ్ళాం లచ్చిమి బట్టలట్టుకుని కుళాయి కాడికెల్లింది. నాను అరుగు మీదున్నాను. లోపల గుంట ఏడుస్తంది, ఏడుస్తంది. సూరిగాడు పనిలోంచొచ్చి అప్పుడే నడుం వాల్సినాడు. "ఊరుకుంటావా, ఊరుకోవా!" అని ఒక కేకేసినాడు. ఆ గొంతు ఆడిది కాదమ్మా. నాది. వయసులో నా గొంతు అలగే ఉండీది. పొలంలో నా ఎనకాలే తిరిగీవోడు కదా, నా కాడే నేర్సుకున్నాడు.

ఆ కేకతో ఏడుపు టక్కుమని ఆగిపోనాది.

అలాటి నిశ్శబ్దం నానొకసారి ఇన్నాను. ఇది ఎవులికీ సెప్పలేదు, ఇను. అప్పన్నకి ఎడం సెవి ఇనపడదు కదా, సిన్నప్పుడు జొరమొచ్చి పోనాదని ఊరంతా అంటారు. జొరం కాదమ్మా. నా సెయ్యి.

ఆడికి అప్పటికి నాలుగేళ్ళు. ఆకుమడి సల్లడానికి వడ్లు నానబెట్టి, గోనెలో కట్టి, గడ్డి కప్పి, మీద రాయెట్టినాను. మొలకొచ్చీదాకా ఇప్పకూడదు కదా. ఈ గుంటడు మొలక ఎలగొస్తాదో సూద్దామని మూటిప్పీసి, ఎండలో ఒగ్గీసి ఆటకెల్లిపోనాడు. నానొచ్చి సూసీసరికి ఇత్తనం అంతా ఎండిపోయి సచ్చిపోనాది. ఆ ఏడు ఇంట్లో ఇంకో కుంచెడు ఇత్తనం కూడా నేదు. పిలిసినాను. నవ్వుకుంటా వచ్చినాడు. ఒక్కటిచ్చినాను, సెవి మీద. ఒక్కటేనమ్మా. ఆడు ఏడవలేదు. నోరు తెరిసి నన్నలా సూసినాడు. ఆ తరవాత ఎడంపక్కనుంచి పిలిస్తే తిరిగీవోడు కాదు. నా ఇంటిది, మీ మామ్మే, జొరమని ఊరోలికి సెప్పింది. నాను కాదన్లేదు. ఆవిడ పోయి కూడా ఏళ్ళైపోనాది, ఇప్పటికీ కాదన్లేదు.

వడ్ల మూటకి ఎన్నిసార్లు నీల్లు సల్లాలో, ఎప్పుడిప్పాలో మా అయ్య నన్ను పక్కన కూకోబెట్టుకుని నేర్పినాడు. గుంటడు తప్పు సేస్తే ఏటి సెయ్యాలో మాత్రం ఎవులూ నేర్పలేదు. అయ్య నన్ను కొట్టినాడు, నాను ఆడ్ని కొట్టినాను. ఆ రోజునుంచి నాను పసిపిల్లల్ని ఎత్తుకోను. సేతులొణుకుతాయని సెప్తాను. ఒణుకు కాదమ్మా, బయ్యం.

సరే, గోడట్టుకుని లోపలికెల్లినాను. గుంట సాప మీదున్నాది. గుక్కట్టీసింది, నోరు తెరుసుకుని, మొకం నీలంగా. సూరిగాడు అటు తిరిగి రెండు సేతులూ గోడకానించి నిలబడ్డాడు.

"కొట్టినావురా?"

"నేదు తాతా."

"ఒరే, నిజం సెప్పు. ఊపినావా?"

"ఊపబోనాను. లచ్చిమి సెప్పింది గేపకమొచ్చింది, పసిగుంటని ఊపితే లోపల మెదడుకి దెబ్బ తగుల్తాదని టీచరమ్మ అన్నాదంట. సాప మీద పడుకోబెట్టీసినాను. తరవాతేటి సెయ్యాలో నాకు తెల్దు తాతా."

అప్పుడు గుక్క తిరిగి గుంట కేరుమన్నాది. ఆ ఏడుపు ఇన్నాక నాకు పేనం లెగిసొచ్చింది. పొగాకు సంచిలోంచి నీ కాయితం తీసి దులిపినాను. రాత్రిబడిలో, చర్చి పాకలో నేర్సుకున్న అచ్చరాలమ్మా నాయి, ఒత్తుల కాడ ఆగిపోతాయి. "బిడ్డను... పడుకోబెట్టి... మీరు కాసేపు పక్కకు... వెళ్ళండి. మరొకరిని... పిలవండి."

సూరిగాడు గోడకేసే ఉండి, "మరొకరంటే నువ్వే కదా తాతా. ఎత్తుకో" అన్నాడు.

ఎత్తుకున్నాను. ఏటి బరువుంటాదమ్మా, కుంచెడు బియ్యమంత. ఈ సెయ్యి, ఇదే సెయ్యి, ఆ గుంట సెవి కిందున్నాది. లచ్చిమొచ్చీదాకా కిందకి దించలేదు. తరవాత నర్సమ్మ సూసి ఏటీ నేదన్నాది. కానీ మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని సాపలున్నాయి? ఆ కాయితం అందనోడు ఏటి సేస్తాడు? నా మాటకి లెగిసి ఎల్లిపోనోల ఇళ్ళల్లోనూ పసిగుంటలున్నారు కదా.

రేపు అడుగుతారు, ముసిలోడు మాట మార్సినాడేటని. సెవి సంగతి సెప్పకుండా ఎలగ సెప్పీది? అప్పన్న కూడా వస్తాడు. ఆడికి గుర్తున్నాదో నేదో ఇన్నేళ్ళలో నానడగలేదు. గుర్తుంటే నన్నేటీ అనలేదెందుకో...

నువ్వొకటి సెయ్యమ్మా. రేపు ఆడ్ని నాకు ఎడంపక్కన కూకోబెట్టు. బాగున్న సెవి నా వైపుంటాది. మిగతావోలు ఇన్నా ఇనకపోయినా, ఆడు ఇనాల. ఊరోల నోట కాదు, నా నోటే ఇనాల.

సల్లగుండమ్మా, నువ్వూ నీ... ఉండుండు. గుంట లెగిసింది, ఇనపడతన్నాదా? ఏడుస్తంది. ఆ ఫోను ఆపీ. లచ్చిమి ఇంట్లో నేదు, సూరిగాడొక్కడే ఉన్నాడు. నానెల్లాల.