అరచేతిలో గుండె

చూపులేని పదో తరగతి అమ్మాయికి బోర్డు పరీక్ష రాసిపెట్టి, తొమ్మిదో తరగతి పిల్ల ఇంటికొచ్చింది. అత్త అన్నం పెట్టినా ముట్టకుండా అరచేతిని చూసుకుంటూ కూర్చుంది.

“పరీక్ష నువ్వే తప్పినట్టు ఆ మొహమేంటే?”

“గుండె బొమ్మ గీయమన్నారు అత్తా. చూపులేనివాళ్ళకి దాని బదులు వేరే ప్రశ్న ఉంది. ఆ అక్క వద్దంది. అందరికీ ఇచ్చిందే తనకీ కావాలంది.”

“చోద్యం! ఎలా గీసిందే?”

“నా అరచేతిలో వేలితో గీసింది. నాలుగు గదులూ, ఏ నాళం ఎటు వంగుతుందో, అన్నీ. నేను కళ్ళు మూసుకుంటే గానీ నాకు కనపడలేదు.”

“అమ్మో! ఎవరు నేర్పారట?”

“వాళ్ళమ్మ పిండిముద్దతో చేసిస్తే తడిమి తడిమి నేర్చుకుందట.”

“ఇంకేం, మార్కులన్నీ దానివే.”

“కాగితం మీద నా గీతలు వంకర పోయాయి అత్తా. దిద్దేవాళ్ళకి కనిపించేది అవే కదా. ఆ మార్కులు పోతే అక్కకి సైన్సు సీటు రాదు. బయటికొచ్చాక ఏడ్చేశాను.”

“తిట్టిందా?”

“నవ్వింది. ‘ఊరుకోవే, వచ్చే ఏడు నీకు ఈ బొమ్మ వస్తే నన్ను తలుచుకో’ అని నన్నే ఓదార్చింది.”

“ఎంత గుండె దిటవే ఆ పిల్లకి!”

“వచ్చే ఏడు కళ్ళున్న నేను ఏం సాకు చెప్పను అత్తా?”