కిలోమీటరు దాటిన లెక్క

అంటే పిల్లల్ని బయట నడిపించడం కూడా నేరమేనంటారా ప్రకాశం సార్? లెక్కల పీరియడ్లో పిల్లల్ని కాలవగట్టు మీద తిప్పానని నా మీద ఎంక్వైరీనా! బాగుందండీ. చాలా బాగుంది.

ముందు ఆ ఫ్యాన్ కిందకి జరగండి. తెనాలి నుంచి ఇంత దూరం వచ్చారు. మా బడి ఎలా ఉంటుందో చూడటానికి ఆఫీసు నుంచి ఒకరొచ్చారంటే మాకు పండగే. మూసేసేటప్పుడైనా వచ్చారు, అదే సంతోషం.

రూలు నాకూ తెలుసండీ. పక్కూరి బడి కిలోమీటరు లోపుంటే మా బడిని తీసుకెళ్ళి అందులో కలిపేస్తారు. మీరు ఆఫీసులో కూర్చుని ఫోన్లో మ్యాపు తెరిచి మా కాలవగట్టు దారి వెంబడి వేలు జరిపారు, తొమ్మిదొందల చిల్లర మీటర్లొచ్చింది. అయిపోయింది. వేలికేం సార్, చెప్పులు తెగవు, కాలవలో జారిపడదు!

నేనేం చేశానంటారా? పాఠమే చెప్పానండీ. అడుగులతో దూరం అంచనా వేయడం. బడి ముందు సిమెంటు రోడ్డు మీద టేపు పెట్టి పది మీటర్లు గీశాను. ఎవరి అడుగులు వాళ్ళు లెక్కపెట్టుకుని, తమ అడుగు ఎంత పొడుగో తేల్చుకున్నారు. తర్వాత అందరం అంకెలు చదువుకుంటూ పక్కూరి బడిదాకా నడిచాం. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే పున్నయ్య బాబాయి, "ఏంటి హీనా టీచరమ్మా, పిల్లల చేత జపం చేయిస్తున్నారా?" అని ఒకటే నవ్వు.

లెక్క కిలోమీటరు దాటింది. కొంచెమే, కానీ దాటింది. పిల్లల తల్లిదండ్రులు దాన్నే అర్జీలో పెట్టి మీకు పంపించారు. తప్పేంటండీ?

ఏంటీ, చిన్నపిల్లల అడుగుల్ని నమ్మలేమా? మరి రోజూ ఆ అడుగులేసుకుంటూ వెళ్ళాల్సింది ఎవరు సార్, మీరా?

మా ఒకటో తరగతిలో స్నేహలత అని ఉంది. వాళ్ళమ్మ తెల్లారకముందే నిజాంపట్నంలో చేపల పనికని ఆటో ఎక్కేస్తుంది. వానాకాలం కాలవ నిండుగా పారుతుంటే ఆ గట్టు మీద ఈ పిల్లని చెయ్యిపట్టుకుని ఎవరు తీసుకెళ్తారు? ఆటో పెడతారా? పెడతామనే అంటారు లెండి. కాయితం మీద ఆటోకి డీజిలు పొయ్యక్కర్లేదుగా! ఆ పిల్ల బడి మానేస్తుందండీ. జరిగేది అదే. నాకు నిజంగా భయంగా ఉంది.

ఆగండాగండి. ఎవర్ని పిలుస్తున్నారు? ఐదో తరగతి సాహితినా? అర్జీలోని లెక్క వేసింది ఆ పిల్లే, కాదన్ను. అయినా అడిగేదేదో నన్నడగండి. అదిగో, అప్పుడే గుమ్మం దగ్గరికొచ్చి నుంచుంది. సాహితీ, అక్కడే ఉండమ్మా. లోపలికి రాకు.

సార్, తలుపు కాస్త దగ్గరగా వేస్తాను.

మేం నడిచిన ముందురోజు వాన పడింది. గట్టంతా బురద. ఆ నల్లమట్టి చెప్పులకి అంటుకుంటే అడుగు సాగుతుందా? పిల్లలంతా పొట్టి పొట్టి అడుగులేశారు. అడుగు కొలిచింది సిమెంటు మీద, నడిచింది బురదలో. అంకె పెరగక ఏం చేస్తుంది? సాహితి సగం దారిలో ఆగి, "టీచర్, ఇక్కడ నా అడుగు చిన్నదైపోయింది. బురదలో మళ్ళీ టేపు పెట్టి కొలుద్దాం" అంది.

పదేళ్ళ పిల్ల సార్! నా సర్వీసులో ఏ పిల్లా అంత తెలివైన మాట అన్లేదు. ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలి కదా? నేనేమన్నానో తెలుసా? "నోర్మూసుకుని నడువు" అన్నాను.

మీ ఫోను కరెక్టేనండీ. లెక్క తప్పని తెలిసే చేశాను. మీ రిపోర్టులో అలాగే రాసుకోండి, సంతకం పెడతాను.

ఇప్పుడు మీరు ఆ పిల్లని లోపలికి పిలిచి అడిగితే నిజం చెప్పేస్తుందని భయపడ్డాననుకుంటున్నారా? చెబితే సంతోషించేదాన్ని. నా మొహం చూసి, నా కోసం అబద్ధం చెబుతుంది సార్. అది చూడలేను.

బడి కలిపేస్తారో, నన్ను సస్పెండే చేస్తారో, మీ ఇష్టం. ఆ పిల్లని మాత్రం క్లాసుకి వెళ్ళిపొమ్మనండి.