గీత దాటిన అధ్యయనం

మధ్యాహ్నమైనా వీడని మంచు కిటికీ అద్దాన్ని కమ్మేసింది. కొత్త నిద్రమాత్రపై జరిగిన ఐదు అధ్యయనాల ఫలితాలు, రెప్పలు బరువెక్కిన గణాంకాల కుర్రవాడి కళ్ళకు, తెరమీద నిశ్శబ్దంగా తేలే పడవల్లా కనిపిస్తున్నాయి. వెనక పెద్ద డాక్టరమ్మ నిలబడి ఉంది.

“నివేదిక మీద సంతకం పెట్టేయండి మేడం. అధ్యయనాల మధ్య తేడా ఉందేమోనని పరీక్షించాను. ఏమీ తేలలేదు. ఇక ఆసుపత్రులన్నీ మాత్రను అన్ని వయసులవాళ్ళకూ ఇచ్చుకోవచ్చు.”

“చివరిదొక్కటే మేలుకీ హానికీ మధ్యనున్న ఈ గీత దాటి హాని వైపు పోయిందేం నాయనా?”

“అది ముసలివాళ్ళ మీద చేసిందండీ. మాత్ర వేసుకున్నాక కొందరు తూలి పడ్డారు. అయినా తేడా లేదని పరీక్షే చెప్పింది కదా!”

“ఉన్నవే ఐదు చిన్న అధ్యయనాలు. వాటితో నీ పరీక్షకు చూపు ఆనుతుందా?”

“...అంతగా ఆనదండీ.”

“చూపు ఆనని మనిషి తనకెవరూ కనబడలేదంటే, వీధిలో ఎవరూ లేరని రాసేస్తావా?”

అతనికి నవ్వొచ్చింది, నిద్రమత్తు కూడా వదిలింది. “పోనీ, తేడా ఉందని రాయనా?”

“అదీ తెలియదుగా. తెలియదనే రాయి. ముసలివాళ్ళ ఫలితం విడిగా చూపించి, వాళ్ళకు ఇప్పుడే ఇవ్వొద్దను.”

“మాత్రకు అనుమతిచ్చే కమిటీవాళ్ళు విసుక్కుంటారు మేడం.”

“విసుక్కోనీ. అర్ధరాత్రి గోడ పట్టుకుని నడిచేది వాళ్ళు కాదు.”