ఆగమనని మాస్టారు

రేపటి నుంచి తొమ్మిదో తరగతి కంప్యూటర్ క్లాసు డ్రిల్లు మాస్టారి నెత్తిన పడింది. ఖాళీ కంప్యూటర్ గదిలో వీడియో పాఠాన్ని నాలుగుసార్లు చూసి, ఆఖరికి అది చెప్పిన టీచరుకే ఆయన ఫోన్ చేశారు.

“అమ్మా, మీ పాఠంలో ఆ లూపు ముక్క బుర్రకెక్కడం లేదు. నేను డ్రిల్లు మాస్టర్ని.”

“అయితే తేలికే సార్. గ్రౌండు చుట్టూ పరిగెత్తమంటారుగా, అదే లూపు. ఎన్ని రౌండ్లకి ఆగాలో చెప్పకపోతే కంప్యూటర్ తిరుగుతూనే ఉంటుంది.”

“దానికి ఆ మాత్రం బుద్ధుండదూ?”

“మాకే లేదు మాస్టారూ. ఓసారి మమ్మల్ని పరిగెత్తమని మీరు టీకి వెళ్లిపోయారు. ఇంటిగంట కొట్టేదాకా తిరుగుతూనే ఉన్నాం.”

“నువ్వు మా బడి పిల్లవా!”

“మీ గొంతు వినగానే కాళ్లు పీకాయి.”

మాస్టారికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“ఆగిపోవాల్సింది కదే, తల్లీ!”

“మీరు ఆగమనలేదుగా.”

“తప్పు నాదే. లూపంటే మాత్రం ఇప్పుడర్థమైంది. రేపు పిల్లలకి ఈ కథే చెప్తాను. ఆ మాస్టారు ఎవరని అడిగితేనో?”

“బదిలీ అయిపోయారని చెప్పండి.”