నిన్ను పంపిందెవరు?

అబద్ధాలాడకు త్రినాథ్, నాకు ఒళ్లు మండిపోతంది! హైదరాబాదంటావు, సాఫ్ట్‌వేరంటావు. ఇందాక ఈ బీచ్ షెడ్డులో మనకి గదులిచ్చిన శ్రీదేవక్క టీతో పాటు బెల్లం ముక్కిస్తే నువ్వు చేసిందేటి? హైదరాబాదోడైతే నోట్లో వేసుకుంటాడు. నువ్వు విరిచేవు, గోరుతో గీకేవు, గుమ్మంలోకెళ్లి వెలుగులో రంగు చూసేవు, అప్పుడు నాలిక మీదెట్టుకున్నావు. అనకాపల్లి బెల్లం కొట్లో పుట్టి పెరిగినోడు తప్ప ఇంకెవడైనా అలా చేస్తాడా? నేనూ అలాంటి కొట్లోనే పెరిగేను బాబూ!

కూర్చో. ఎక్కడికెళ్తావు? బయట సముద్రమేదో వానేదో తెలీట్లేదు. పక్క గదిలో మనతో వచ్చిన కేరళ వాళ్లు పేకాటలో ఉన్నారు, వాళ్లకి తెలుగు రాదు. నిజం చెప్పు. నిన్ను మా నాన్నే పంపేడు కదా?

తల అడ్డంగా ఊపకు! గోపాల్‌పూర్‌లో మా జట్టులో కలిసేవు. సరే, నెలల తరబడి బ్యాగులేసుకుని తిరిగేవాళ్లం, దారిలో ఎవరైనా కలుస్తారు. మరి ఈ రేవుపోలవరంలో దిగుదామన్నదెవరు? మా ఊరికింత దగ్గర్లో! బీచ్ బాగుంటాదన్నావు, నమ్మేను. ముసురు పట్టేసింది, ఇరుక్కుపోయేం. ఈ వానలో గొడుగైనా లేకుండా, సిగ్నల్ కోసమని ఆ ఇసక దిబ్బెక్కి ఎవరికి ఫోన్ చేస్తన్నావు? నేను కనబడగానే ఎందుకు పెట్టేస్తన్నావు?

మా నాన్న సంగతి నీకేటి తెలుసు! దేశం చూసొస్తానంటే, గుమ్మం దాటితే మళ్లీ రావద్దన్నాడు. దాటేను. అంత పంతం మనిషి ఊరుకుంటాడా? హంపీలో ఎవడో నావైపు తేరిపార చూసేడని దొరికిన బస్సెక్కేసేను. పూరీలో తెలుగు మాట వినబడితే సందులోకి తప్పుకున్నాను. ఎవడో ఒకడు వత్తాడు, రెక్క పట్టుకుని లాక్కెళ్లిపోతాడు...

ఏటీ? నువ్వూ పారిపోయొచ్చేవా? కొట్లో కూర్చోలేకా? భలే కథ అల్లేవు! మరా ఫోనో?

మీ అమ్మ గొంతు వినడానికా. ఒక్క మాటా మాట్లాడకుండానా. ఊ... ఇంటికెళ్లాలో వద్దో తేల్చుకోలేక ఇక్కడ దిగమన్నావా.

అదేటి, నాకెందుకు చూపిస్తన్నావు? ఏదీ... బెల్లం వర్తకుల వాట్సాప్ గ్రూపు. కొట్టు తరఫున నువ్వూ ఇందులో ఉన్నావన్నమాట. ఓలమ్మో, గడ్డం లేదు గానీ ఇది నువ్వే! ‘మా అబ్బాయి కనబడుటలేదు, తెలిసినవారు దయచేసి చెప్పగలరు’. మీ నాన్న రోజూ పెడతన్నారా? రోజూనా?

అయితే నువ్వు నాకోసం రాలేదు. పైగా మీవాళ్లు నన్ను పంపేరేమోనని నువ్వే భయపడ్డావా? మంచి జంట దొంగలం!

ఉండుండు. ఆ గ్రూపులో మా నాన్నా ఉండాలి. రామ్‌గోపాల్ అని. ఉన్నాడా? నా ఫొటో ఎప్పుడెట్టేడో చూడు. పైకెళ్లు. ఇంకా పైకి. శివరాత్రి వెళ్లేక బయల్దేరేను నేను, అక్కడిదాకా వెళ్లు. బాగా చూడు, తొందరపడకు. గుడ్‌మార్నింగ్ పువ్వులు. బెల్లం ధరలు. మళ్లీ పువ్వులు. అంతేనా?

ఇదేటి, నీ ఫొటో కింద ఏదో రాసేడు. ‘పిల్లాడు క్షేమంగా ఇల్లు చేరాలని మా కుటుంబం తరఫున కోరుకుంటున్నాం.’

మా కుటుంబం తరఫునట. చూసేవా, ఎంత బాగా రాసేడో!

లేదు, ఏడవట్లేదు. నిజం చెప్పేస్తాను త్రినాథ్. ఇందాక నిన్ను పట్టేసేనని కేకలేసేను గానీ, లోపల సంబరపడిపోయేను. పంపేడు, మనిషిని పంపేడు అనుకున్నాను. గట్టిగా నిలదీస్తే ఒప్పేసుకుంటావు, పదమంటావు, కాసేపు బెట్టు చేసి బయల్దేరిపోదామని బ్యాగు కూడా సర్దేసేను. అదిగో, మంచం పక్కన.

నువ్వెళ్లు. వాన తగ్గకపోయినా వెళ్లు. అక్కడ మీ అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చునుంటాది. నాకేటి? ఇంక వెనక్కి చూసుకోకుండా తిరగొచ్చు.