కింది గదిలో చదువు

మేజరు పదవికి రెండోసారీ ఎంపిక కాకపోవడంతో నిబంధన ప్రకారం కెప్టెన్‌ను రిజర్వు సైన్యం నుంచి పంపించేశారు. ఒహాయోలోని ఇంట్లో, వంటగది బల్ల దగ్గర భార్య అప్పీలు రాయడానికి కూర్చుంటే అతను తలెత్తలేకపోయాడు.

“మేజరు కావడానికి ఇంటి దగ్గరే చదవాల్సిన కోర్సు నువ్వు పూర్తిచేశావు, వాళ్ళే చూసుకోలేదు. అదే రాద్దాం.”

“వద్దులే.”

“ఎందుకొద్దు? లాయరు ఆ సర్టిఫికెట్ ఒక్కటి చాలంటున్నాడు. ఎక్కడ పెట్టావ్?”

“లేదు.”

“పోతే ఇంకోటి తెప్పిద్దాం.”

“పోలేదు... అసలు రానే లేదు. మొదటి పరీక్షే తప్పాను. సిగ్గేసి మళ్ళీ ముట్టుకోలేదు.”

“మరి రెండేళ్ళపాటు కింది గదిలో తలుపేసుకుని ఏం చేశావ్?”

“ఫుట్‌బాల్ చూశాను. సౌండ్ తీసేసి.”

ఆమె కలానికి మూత పెట్టింది.

“నాన్న చదువుకుంటున్నాడని, పిల్లల్ని ఇంట్లో గట్టిగా నవ్వనివ్వలేదు నేను.”